నాయన చేసిన మాయపెట్టె

నాకు దయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు.

ఈ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. ఒకసారి కలిగిరి బస్సు కండక్టరుగా, ఒకసారి నెల్లూరులో నర్సుగా, ఒకసారి అద్దె ఇంట్లో దిగిన టీచరుగా. పేర్లు మారేవి, ఊర్లు మారేవి, మొదటి వాక్యం మాత్రం ఇదే. అవన్నీ రాసింది ఒకే మనిషి. టైపు చేసింది నేను. ఇప్పుడు నా సొంత సంగతి చెప్పడానికి కూర్చుని, అదే ముక్కతో మొదలుపెట్టాల్సి రావడం నాకే రోతగా ఉంది. కానీ నిజం కాబట్టి రాస్తున్నాను. నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు.

నా పేరు సుజాత. ఆత్మకూరు బస్టాండు దగ్గర చిన్న డీటీపీ, జిరాక్సు షాపు నడుపుతాను. పెళ్ళి పత్రికలు, అర్జీలు, కర్మక్రియల కార్డులు, ఇవీ నా పనులు. వీటితోపాటు ప్రొఫెసర్ పుస్తకాలు.

ప్రొఫెసర్ అంటే కాలేజీలో పాఠాలు చెప్పినాయన అనుకునేరు. కాదు, మెజీషియన్. కలువాయి దగ్గర ఒక పల్లెలో పుట్టాడు. చిన్నప్పుడే ఊళ్ళు తిరిగే గారడీ వాళ్ళ వెంట పోయి, పదేళ్ళ తర్వాత నల్ల కోటు, ఎర్ర తలపాగాతో తిరిగొచ్చాడు. పేరు ముందు ప్రొఫెసర్ అని తనే తగిలించుకున్నాడు. మా వైపు బళ్ళలో, తిరునాళ్ళలో, సినిమా హాళ్ళలో ఆయన ఆట చూడనివాళ్ళు నా వయసువాళ్ళలో తక్కువ. నోట్లోంచి గజాల కొద్దీ రిబ్బను లాగేవాడు. చేతిరుమాలు పావురమయ్యేది. ఆఖర్న పెట్టె ఆట. ఒకామెను పెట్టెలో కూర్చోబెట్టి, జనంలోంచి ఎవర్నో పిలిచి తాళ్ళు కట్టించి, గుడ్డ కప్పి తీస్తే పెట్టె ఖాళీగా ఉండేది. ఆమె హాలు వెనక నుంచి నవ్వుకుంటూ నడిచొచ్చేది.

టీవీలు వచ్చి, వాటి వెనక ఫోన్లు వచ్చి ఆయన ఆటకు గిరాకీ పోయింది. అప్పుడు పుస్తకాలు మొదలుపెట్టాడు.

మామూలు రాయడం కాదది. కలల ఫలితాలు, జ్ఞాపకశక్తి, హిప్నాటిజం, ప్రేమలేఖలు, బల్లి పాటు, ఇంటర్వ్యూలో నెగ్గడం, ఏదీ వదల్లేదు. ఒక నెల మూఢనమ్మకాలను ఉతికి ఆరేసేవాడు. మరుసటి నెల తాయెత్తు కట్టే పద్ధతి చెప్పేవాడు. ఇదేంది సార్ అని నేనడిగితే, "చదివేవోడు వేరే పాపా. ఆడికి కావాల్సింది ఆడికిస్తా" అనేవాడు. నూట యాభై దాటాయని అట్ట మీద వేయించుకునేవాడు. దాటే ఉంటాయి. నా కంప్యూటరే సాక్ష్యం.

పాత ఆటల కరపత్రాల వెనక వైపు రాసేవాడు. ఎప్పుడూ ఆఖరి పేజీ ముందు రాసి, ముందు అదే తెచ్చి ఇచ్చేవాడు. ముగింపు తెలియకుండా మెజీషియన్ స్టేజీ ఎక్కకూడదట. దయ్యాల అనుభవాల్లో మనిషి పేరు, ఊరి పేరు ఉండాల్సిన చోట గీత గీసి వదిలేసేవాడు. ఆ గీతల్లో పేర్లు నింపడం నా పని. అనంతసాగరం ఆటో డ్రైవరు చూసిన తెల్లచీర ఆవిడే మూడు నెలల తర్వాత కలిగిరిలో ఇంకొకరికి కనిపించేది. నేను నవ్వుకునేదాన్ని. తర్వాత నవ్వడం కూడా మానేశాను. కన్ను చూస్తుంది, వేళ్ళు కొడతాయి, బుర్ర మధ్యాహ్నం కూరేమిటా అని ఆలోచిస్తుంటుంది. ఇరవై ఏళ్ళు టైపు చేసిన వాళ్ళకు అక్షరాలు కనిపిస్తాయి, మాటలు కనిపించవు.

ఆ పెట్టె చేసింది మా నాయన.

నాయనది ఉదయగిరి. చెక్క పని. గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు, దువ్వెనలు. ఖాదర్ భాయ్ అని ఆయన స్నేహితుడు, ఇద్దరూ ఒకే కొట్టంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పక్కపక్కన కూర్చుని పని చేశారు. నాకు ఆరేళ్ళప్పుడు ప్రొఫెసర్ వచ్చి మాయపెట్టె కావాలన్నాడు. అందులో గుట్టు ఉండే భాగం చేసిన వారం రోజులూ నాయన కొట్టం తలుపు వేసుకున్నాడు. ఖాదర్ భాయ్ బయట కూర్చుని తన గరిటెలు తను చెక్కుకున్నాడు. లోపలేముందని అడగలేదు. ఒకరి పని గుట్టు ఇంకొకరు అడగకపోవడం వాళ్ళ మర్యాద.

పెట్టె అయ్యాక లోపల గాలి ఆడుతుందో లేదో చూడ్డానికి నాయన నన్ను అందులో కూర్చోబెట్టి మూత వేశాడు. నాకు భయం వేయలేదు. చేతికి దొరికిన మేకుతో లోపల "సు" అని గీశాను. అప్పుడే నేర్చుకున్న అక్షరం. పెద్దగా గీసేసరికి స ఒక పలక మీద, దాని కొమ్ము అతుకు దాటి పక్క పలక మీద పడ్డాయి. గీస్తుంటే వేళ్ళకు ఒక చోటు తగిలి ఆ అతుకు తలుపులా తెరుచుకుంది. ఏ పలకో చెప్పను. తిడతాడనుకున్నాను. నాయన చూసి నవ్వి అలాగే వదిలేశాడు.

అలా ఆ పెట్టె ఎట్లా తెరుచుకుంటుందో ముగ్గురికి తెలిసింది. నాయనకు, ప్రొఫెసర్‌కు, నాకు. నాయన తన ఉలి కింద పెట్టి, ముగ్గురి చేత దాని మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించాడు. ఆటలో పెట్టెలో కూర్చునే ఆమెకు తప్ప ఎవరికీ చెప్పకూడదు, గీసి చూపకూడదు. మాట తప్పితే చేసిన వస్తువు మాట వినదన్నాడు. మా అమ్మ ఎన్నిసార్లు అడిగినా నాయన చెప్పలేదు. చివరికి ఆమె తెలుసుకోకుండానే పోయింది.

ఇప్పుడు అసలు రోత దగ్గరికి వస్తున్నాను.

మూడేళ్ళ కిందట ప్రొఫెసర్ తన ఆటల గుట్లన్నీ విప్పి ఒక పుస్తకం రాశాడు. రిబ్బను, పావురం, అన్నీ. అందులో పెట్టె కూడా ఉంది, బొమ్మతో సహా. టైపు చేసింది నేనే. బొమ్మ స్కాన్ చేసి పేజీలో కూర్చోబెట్టిందీ నేనే.

ఆ పుస్తకం ఉదయగిరి బస్టాండులో నాయన కంటపడింది. మరునాడు పొద్దున్నే బస్సెక్కి నా షాపుకొచ్చాడు. పుస్తకాన్ని కౌంటరు మీద పెట్టాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ముగ్గురం ఒట్టేసినాం సుజా. నేనొక్కణ్ణే మిగిలినాను" అన్నాడు. అంతే, తిరిగి బస్టాండులోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ప్రొఫెసర్‌ను నిలదీశాను. "ఆట సచ్చిపోయి ఎన్నేండ్లయింది పాపా, ఇంకేం గుట్టు?" అని నా షాపులోనే, నా కుర్చీలోనే కూర్చుని టీ తాగాడు. అప్పుడే బయటికి పొమ్మనాల్సింది. అనలేదు. ఆ వారమే ఆయనదే ఇంకో పుస్తకం టైపు చేశాను.

ఉదయగిరికి వారం వారం వెళ్ళాను. నాయన గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. నేను తెచ్చిన కూర ముట్టుకునేవాడు కాదు. చదవకుండా టైపు చేశాను నాయనా, మా పని అంతే, చూసుకోలేదు అని బతిమాలాను. ఖాదర్ భాయ్‌కీ అదే చెప్పాను. మా ఆయనకూ అదే చెప్పాను.

అది అబద్ధం. రాత చదవలేదు, నిజమే. బొమ్మ మాత్రం చూశాను. స్కానర్ మూత ఎత్తి కాగితం సరిగ్గా పెడుతున్నప్పుడు చూశాను, గుర్తుపట్టాను. ప్రొఫెసర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు, తొందరపెడుతున్నాడు. ఈ పుస్తకాలు ఎవరు చదువుతార్లే అనుకుని బటన్ నొక్కాను. ఆరేళ్ళ పిల్లగా నోరు మూసుకోగలిగినదాన్ని నలభై దాటాక మూసుకోలేకపోయాను. ఇది నాయనకు చెప్పాలని ప్రతి వారం అనుకునేదాన్ని. చెబితే ఒక్క మాటైనా తిడతాడేమో, ఆ తిట్టైనా దక్కుతుందేమో అనుకునేదాన్ని. చెప్పలేదు. పదకొండు నెలల తర్వాత ఒక పొద్దున ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు. నాయన నిద్రలోనే పోయాడు.

కర్మలయ్యాక ప్రొఫెసర్ షాపుకొచ్చాడు. చేతిలో ఒక కరపత్రం, వెనక రాత. ఆఖరి పేజీ.

"మీ నాయన మీద రాసినా పాపా. బాగా వచ్చింది" అన్నాడు.

ఆ దయ్యం అనుభవంలో మొదటిసారి గీత లేదు. సుజాత, ఆత్మకూరు అని నా పేరే ఉంది. నేనే చెబుతున్నట్టు రాశాడు. పెట్టె మూత దానంతటదే లేచిందట. లోపల మా నాన్న కూర్చుని ఉన్నాడట. నాన్నట! పుట్టి బుద్ధెరిగి నేనాయన్ను నాన్న అని పిలిచి ఎరగను. ఆ నాన్న చెయ్యి చాపి, తల్లీ నిన్ను క్షమించాను అన్నాడట.

రోత పుట్టింది. ఆయన మీద కాదు, నా మీద. ఎందుకంటే అది పచ్చి అబద్ధమని తెలిసీ, ఏ చేత్తో రాశాడో చూస్తూనే, ఆ క్షమించాను అన్న ముక్కను మూడుసార్లు చదివాను. ఇరవై ఏళ్ళలో ఆయన రాతను నేను నిజంగా చదివింది అప్పుడే.

ఆయనకు ఇంకో కోరిక కూడా ఉంది. పెట్టె ముందు కూర్చుని వీడియో తీయించుకోవాలట. ఆటలు ఆగిపోయాక పెట్టెను మరమ్మతుకని నాయన దగ్గర వదిలేశాడు, మళ్ళీ తీసుకుపోలేదు. పెట్టె నాది గదా అన్నాడు. ఔను మీదే, తీసుకుపోండి, మళ్ళీ నా షాపు గడప తొక్కొద్దండి అన్నాను. ఆ మాట ఒక చావు ఆలస్యంగా అన్నాను.

మరునాడు ఇద్దరం ఉదయగిరి బస్సెక్కాం. వేరే వేరే సీట్లలో కూర్చున్నాం. కొట్టం చేరేసరికి పదకొండవుతోంది. మే నెల ఎండ. లోపల చెక్క పొట్టు వాసన తప్ప ఏమీ లేదు. ఖాదర్ భాయ్ గోనెపట్టాలు తీసి పెట్టెను వెలుతురులోకి లాగాడు. అదే పెట్టె. కలిగిరి ఆటలో కాగడా పడి కాలిన మచ్చ మూత మీద అలాగే ఉంది. పచ్చ రంగు, ఎర్ర అంచు, మూల ఇనుప బిళ్ళలు, అన్నీ అవే.

ప్రొఫెసర్ ఫోన్ నా చేతికిచ్చి వీడియో తీయమన్నాడు. గొంతు సవరించుకుని స్టేజీ మాట మొదలుపెట్టాడు. చెయ్యి పెట్టాల్సిన చోట పెట్టాడు. ఏమీ కాలేదు. నవ్వి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ.

"వాన చెమ్మకు బిగుసుకోనుండాది" అన్నాడు. మా వైపు వాన పడి నాలుగు నెలలైంది.

లోపలి నుంచి చేస్తానని పెట్టెలో దిగి కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. మూత వేయమంటే వేశాను. కొంతసేపు గీకుడు వినిపించింది. ఆ తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు. మొదట వేళ్ళతో, తర్వాత పిడికిళ్ళతో. "తియ్ పాపా, తియ్!" అని అరిచాడు. మూత ఎత్తితే చెమటతో తడిసి, నోరు తెరుచుకుని గాలి పీలుస్తున్నాడు. కొన్ని వందల ఊళ్ళలో ఆ పెట్టె తెరిపించిన మనిషి.

అప్పుడు నేను చెయ్యి పెట్టాను. నాకూ తెలుసు కదా. ఆరేళ్ళప్పుడు నా వేళ్ళకు తగిలిన చోటు ఇప్పటికీ గుర్తే. నునుపైన చెక్క తప్ప ఏమీ తగల్లేదు.

ఖాదర్ భాయ్ మా ఇద్దర్నీ పక్కకు జరగమన్నాడు. ఫోన్ లైటు వేసుకుని లోపలా బయటా చూశాడు. సుత్తి పిడితో తట్టి చెవి పెట్టి విన్నాడు. గోటితో ప్రతి పలకా గీకి చూశాడు. చాలాసేపటి తర్వాత మోకాళ్ళ మీద నుంచి లేచాడు.

"దీంట్లో అదనపు అతుకే లేదమ్మా. నాలుగు పక్కలా ఒక్కొక్కటే పలక" అన్నాడు.

ప్రొఫెసర్ మొహం చూడాల్సింది. "అయితే ఇది ఆ పెట్టె గాదు. మీ నాయన పగబట్టి ఇంకోటి చేసినాడు" అన్నాడు.

"యాడ చేస్తాడు సార్?" అన్నాడు ఖాదర్ భాయ్. "ఆయన చెయ్యి ఏడాదిగా టీ గ్లాసే పట్టలా. వణుకు. ఈ కొట్టంలో ఉలి సప్పుడు నాదొక్కటే. ఆయన వచ్చి ఈ పెట్టె మీద అరచెయ్యి పెట్టుకోని కూచునేవోడు. పొద్దుగూకితే లేచి పొయ్యేవోడు. అంతే."

నేను పెట్టెలోకి వంగి చూశాను. "సు" ఉంది. ఆరేళ్ళ పిల్ల గీత, వంకరగా, ఇన్నేళ్ళ మురికి పట్టి నల్లగా. స ఉంది, దాని పక్కన కొమ్మూ ఉంది. రెండింటి మధ్య ఉండాల్సిన అతుకు లేదు. చెక్క నార ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తెగకుండా సాగిపోయింది. వేలితో రాసి చూశాను. గోరు ఎక్కడా ఆగలేదు.

అక్కడే పొట్టులో కూర్చుండిపోయాను.

అప్పుడు ఖాదర్ భాయ్ అడిగాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా అడగని మాట.

"ఇంతకీ ఆ తలుపు యాడ ఉండేదమ్మా?"

ప్రొఫెసర్ నా వైపు తిరిగాడు. "చెప్పు పాపా. ఆడ ఉండేదా లేదా, నువ్వే చెప్పు. లేకుంటే నాకు మతి పోయినాదంటారు" అన్నాడు. ఆ గొంతులో స్టేజీ లేదు. బతిమాలుతున్నాడు. నేను ఔనంటే చాలు, ఆయన పిచ్చివాడు కాదు, ఆయన చూసింది కల కాదు. పెట్టెలో కూర్చునే ఆమె ఎప్పుడో పోయింది, ఆ తలుపును ఎరిగినవాళ్ళలో బతికున్నది మేమిద్దరమే.

"నాకు తెలీదు భాయ్" అన్నాను. "నేనెప్పుడూ చూళ్ళేదు."

ప్రొఫెసర్ బయటికి నడిచాడు. పెట్టెను అక్కడే వదిలేశాడు. బస్సులో నా ముందు సీట్లోనే కూర్చున్నాడు గానీ వెనక్కి తిరగలేదు. నాకు జాలి కలగలేదు. కలగలేదని రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ రోజు తీసిన ఫొటోలు నా ఫోన్లో ఉన్నాయి. ఆత్మకూరులో తలుపులు చేసే ఒక మేస్త్రీకి చూపించాను. ఒకటే పలక, ఇందులో ఏముందక్కా అన్నాడు. నాయనే ఇంకో పెట్టె చేశాడనుకుందాం. పాత మురికి గీతను ఎట్లా చేస్తాడు? పాత పెట్టె ఎటు పోయింది? ఒక్క పలకే మార్చాడనుకుందాం. మేకుల తలల మీది పాత రంగు ఎక్కడా చిట్లలేదని ఖాదర్ భాయ్ పట్టుబట్టి చెబుతాడు. అసలు అక్కడ తలుపే లేదేమో, నాకు ఆరేళ్ళప్పటి జ్ఞాపకం తప్పేమో అనుకుందామంటే, వేల మంది చూసిన ఆట సంగతేమిటి? ఎటు నుంచి ఆలోచించినా ఆ చెక్క దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాను.

ప్రొఫెసర్ ఇంకా రాస్తూనే ఉన్నాడు, వేరే షాపులో టైపు చేయిస్తున్నాడు. మొన్న బస్టాండులో ఆయన కొత్త దయ్యాల పుస్తకం చూశాను. మొదటి వాక్యం అదే. ఆ రోజు సంగతి మాత్రం అందులో లేదు, ఎందులోనూ లేదు. దేన్నీ వదలని మనిషి దీన్ని వదిలేశాడు. గుట్ల పుస్తకం మళ్ళీ అచ్చయింది. పెట్టె బొమ్మ అలాగే ఉంది. ఆయన నూట యాభై పుస్తకాల్లో పచ్చి నిజమున్న పేజీ అదొక్కటేనని నేను అనుకునేదాన్ని. ఇప్పుడు అదీ అబద్ధమైపోయింది.

నాయన నన్ను క్షమించాడని నేను చెప్పడం లేదు. అలా రాసే పని వేరేవాళ్ళది. ఏం జరిగిందో నాకు తెలియదు, అంతే చెప్పగలను.

పెట్టెను ఆటోలో వేయించుకుని ఆత్మకూరు తెచ్చుకున్నాను. షాపులో మూలన ఉంది. అందులో కాగితాల కట్టలు పెట్టుకుంటాను. వచ్చినవాళ్ళు దాని మీద కూర్చుని జిరాక్సు అయ్యేదాకా ఫోన్ చూసుకుంటారు. ఇప్పుడు ఏది టైపు చేసినా ప్రతి ముక్కా చదివే చేస్తున్నాను. పని సగమే సాగుతోంది, తిట్టేవాళ్ళు తిడుతున్నారు.

రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే పెట్టె మూత తెరిచి, ఆ చోట ఒకసారి చెయ్యి పెట్టి చూస్తాను. ఏ చోటో రాయను.